కృష్ణానదిలో నీటికుక్కలు - మన కర్తవ్యము

సముద్రము మన నల్లగొండ, మహబూబునగరు సీమలకు మిక్కిలి దవ్వు. తిమింగిలమును గాని సీలును గాని కన్నులార జూచినవారు మనలో అరుదు. కావున జలములయందు వసించు క్షీరదముల రక్షణ యనుమాట వినినంతనే, అది తీరవాసుల విచారమనియు మనకందు బ్రసక్తి లేదనియు బలువురు తలంతురు. ఈ తలంపు సరియైనది కాదని పాఠకులకు విన్నవింపదలచితిమి. నేలపై నడచిన జంతువులు కొన్ని యుగాంతరములయందు నీటి నాశ్రయించి తిమింగిలములును సీళ్లును ఐనవని శాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఆ త్రోవలో కొంతదూరము మాత్రమే పోయి, నేలను విడువక నీటిని విడువక బ్రతుకుచున్న ప్రాణి యొకటి మన కృష్ణలోనే కలదు. దానిని నీటికుక్క యందురు. కొందరు నీటిపిల్లి యనియు బిలుతురు. దాని క్షేమమునకును, మన యూళ్లకు వచ్చు త్రాగునీటి క్షేమమునకును గల సంబంధమును జూపుటయే యీ వ్యాసోద్దేశము.

భారతదేశమున నీటికుక్కలు మూడు జాతులు. వానిలో కృష్ణ యొడ్డున గానవచ్చునది నున్నని బొచ్చుగలది. బరువు 7 మొదలు 11 కిలోలవరకు నుండును. కాలివ్రేళ్ల నడుమ పొర, బల్లపరుపు తోక, మునిగినపుడు మూసికొను చెవులు, ముక్కుపుటములు దీనికి ప్రకృతి యిచ్చిన పరికరములు. బురదనీట కన్ను పనిచేయనిచోట మీసములే చేప కదలికను దెలుపును. తిమింగిలమునకువలె చర్మముక్రింద దట్టమగు క్రొవ్వు దీనికి లేదు; ఒత్తుగానున్న బొచ్చే చలినుండి కాపాడును. అందుచేత ఆ బొచ్చును ఆరబెట్టుకొని చక్కదిద్దుకొనుటకు ఇసుకతిన్నెలును, పిల్లలను బెట్టుటకు రాళ్ల సందులును చెట్లవేళ్ల క్రింది గుంతలును దీనికి ఆవశ్యకములు. ఒక కుటుంబము కలసియే తిరుగును. ఈలవంటి కూతలతో నొకటి నొకటి పిలుచుకొనును. బారుదీరి చేపలను తరుముకొనిపోవును. రెండు నెలలు గర్భము మోసి తల్లి పిల్లలను కనును. పదిదినములకు గాని వాని కన్నులు తెరువవు. మఱి రెండు నెలలకు గాని అవి ఈదనేరవు. ఆ కాలమున తండ్రియు ఆహారము దెచ్చి పెట్టుటలో పాలుగొనును.

కృష్ణ మన సీమలో మక్తలు ప్రాంతమున బ్రవేశించి, ఆలంపురము చెంత తుంగభద్రను గలుపుకొని, నల్లమల లోయలగుండ శ్రీశైలము, నాగార్జునసాగరములకు బోవుచున్నది. ఈ దారిలో ఎడమయొడ్డున 2,611 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముగల అమ్రాబాదు పులుల అభయారణ్యము గలదు. అది నేటి నాగరుకర్నూలు, నల్లగొండ జిల్లాలలో వ్యాపించియున్నది. పులికి బేరు వచ్చినది గాని, ఆ యడవి యంచున బారు నదిలోని నీటికుక్కను దలచువారు కొలదిమంది. ఈ జాతియే దిగువను కృష్ణా సాగరసంగమమున మడయడవులలోను, గోదావరి ముఖమున కోరంగిలోను సముద్రపుటుప్పునీట వేటాడుచు బ్రతుకుచున్నది. నల్లమల కొండలనుండి బంగాళాఖాతమువరకు దానికి నది యొక్కటే యిల్లు.

ఐతే మత్స్యకారుల మాటయు వినవలయును. నీటికుక్క వలలను చించును. వలలోబడిన చేపను సగము తిని విడుచును. గంగపుత్రులకును ముదిరాజులకును ఒడ్డున నివసించు చెంచులకును వల యనగా జీవనము. అప్పుదెచ్చి కొనిన వల ఒక్కరాత్రిలో చినిగినచో ఆ కష్టమును పట్టణమున గూర్చుండి తేలికగా దీసివేయుట న్యాయము కాదు. కాని లెక్కను సరిగా జూడుడు. ఒక నీటికుక్క దినమునకు దాదాపు ఒక కిలో ఆహారము తినును. ఆరు ప్రాణులుగల కుటుంబమునకు ఆరు కిలోలు. అందులోను చేపలతోబాటు ఎండ్రకాయలు, కప్పలు, పురుగులు, ఎలుకలు గూడ గలవు. కేరళలోని పెరియారు సరస్సున జరిగిన పరిశీలనలో, పరదేశములనుండి దెచ్చి వదలిన తిలాపియావంటి చేపలును దాని యాహారమున జేరియున్నట్లు తేలినది. దేశీయములగు చేపలను ద్రోసివేయు నట్టి జాతులను అది తగ్గించుటచే మత్స్యకారునకు లాభమే గాని నష్టము లేదు. బంగ్లాదేశమున నడైలు ప్రాంతపు జాలరులు తరతరములుగా ఈ జాతినే పెంచి, చేపలను వలలోనికి తరుముటకు నేర్పి, దానితో జీవించుచున్నారు.

మఱి చేప యేల తగ్గుచున్నది? అలివి వలలను గూర్చి విననివారు కృష్ణ యొడ్డున నుండరు. దోమతెరవలె సన్నని కన్నులుగల యీ వలలు వ్రేలెడు పిల్లనుగూడ విడువవు. సోమశిల, కొల్లాపురము ప్రాంతముల మత్స్యకారులే వీనిపై మొఱపెట్టుచున్నారు. 2016-17 మొదలు రాష్ట్రప్రభుత్వము చెరువులలోను జలాశయములలోను ఉచితముగా చేపపిల్లలను విడుచు పథకము నారంభించినది. ఒక చేత విడిచిన పిల్లలను అలివి వల మఱియొక చేత నూడ్చివేయుచుండ, నేరము నీటికుక్కపై మోపుట ఏమి న్యాయము? నీట మందుగుండు ప్రేల్చుటయు, విషము గలుపుటయు ఇట్టివే. వీనివలన చేపతోబాటు దాని గుడ్డును, దానిని దిను ప్రాణియు, ఆ నీటిని ద్రావు పశువును చెడును.

నీటికుక్కకు గల రెండవ శత్రువు తోళ్ల వ్యాపారము. 2003 లో టిబెట్టునందు ఒక్క పట్టివేతలోనే 31 పులితోళ్లు, 581 చిరుతతోళ్లు, 778 నీటికుక్కతోళ్లు దొరకినవి. పులితోళ్లకంటె నీటికుక్కతోళ్లు ఇరువదియైదు రెట్లని యెందరు గమనించిరి? మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీని వేటను నిషేధించినది. 2019 లో జెనీవాలో గూడిన అంతర్జాతీయ సభ యీ జాతి వాణిజ్యమును పూర్తిగా మాన్పించు పట్టికలో దీనిని జేర్చినది. చట్టములు గలవు. ఒడ్డున గావలి యున్నగాని అవి ఫలింపవు.

కావలి లేనిచో నేమగునో ప్రపంచ చరిత్ర చెప్పుచున్నది. ఉత్తర పసిఫికు సముద్రమున 1741 లో బేరింగు నావికులకు రెండు జంతువులు కానవచ్చినవి. ఒకటి సముద్రపు ఆవు. నావికులు దాని మాంసమునకై వేటాడగా 1768 నాటికే, అనగా ఇరువదియేడు సంవత్సరములలో, అది నశించిపోయినది. రెండవది మన నీటికుక్కకు దాయాదియగు సముద్రపు నీటికుక్క. బొచ్చునకై దానిని నూటయేబది యేండ్లకు పైగా చంపి చంపి, రెండువేలకు మించి మిగులని స్థితికి దెచ్చిరి. 1911 లో అమెరికా, రష్యా, జపాను, బ్రిటను దేశములు ఒడంబడిక చేసికొని వేటను నిలిపిన పిమ్మట అది మఱల పెరుగజొచ్చినది. అది లేనికాలమున సముద్రపు ముండ్లకాయలనబడు ప్రాణులు మితిమీరి పెరిగి సముద్రగర్భమునందలి నాచువనములను దినివేసినవి. ఆ వనములలో పెరుగు చేపలకు నీడ లేకపోయినది. అది తిరిగి వచ్చినచోట్ల వనములును చిగిర్చినవి. ఇక చైనాలో యాంగ్‌ట్సీ నదియందలి డాల్ఫినును 2006 లో వారములతరబడి వెదకినను ఒక్కటియు గానరాలేదు. వలలు, ఓడలు, ఆనకట్టలు, మురికినీరు కలసి దానిని మాపినవి. మన గంగలో డాల్ఫిను నేటికిని గలదు. గంగ, బ్రహ్మపుత్ర, బియాసు నదులయందు 2021 మొదలు 2023 వరకు జరిపిన గణనలో 6,327 నదీడాల్ఫినులు తేలినవి. అశోకుని శాసనమున చంపరాదని చెప్పిన ప్రాణులలో గంగాడాల్ఫినును గలదని పండితులు తలంతురు. నీటిలోని ప్రాణిపై దయ పరదేశములనుండి నేర్చుకొనవలసినది కాదు. ఈ నేలపై రెండువేల యేండ్లకు బూర్వమే శిలలపై జెక్కబడిన ధర్మము.

మన సీమకు మిక్కిలి దగ్గరగా బోలు దృష్టాంతము ఇంగ్లండుది. అచ్చట 1950 దశకమున విత్తనములకు డీల్డ్రిను మొదలగు మందులను బట్టించు వాడుక వచ్చినది. మందు పొలమునుండి వాగునకు, వాగునుండి చేపకు, చేపనుండి నీటికుక్కకు జేరినది. కొలదికాలములోనే వేటగాండ్రకుగూడ నీటికుక్క దొరకుట మానినది. ఆ మందులను క్రమముగా నిషేధించి, 1978 లో వేటను మాన్పి, నదులను శుభ్రపరచగా, 2011 నాటికి ఇంగ్లండులోని ప్రతి కౌంటీలోను నీటికుక్క మఱల గానవచ్చినది. ఇందు గ్రహింపవలసిన దేమన, విషము మొదట నీటిలోని జంతువును గొట్టును. పిదప మనుష్యుని జేరును. నీటికుక్క బ్రతికియున్న నది మనకు నమ్మదగిన నది.

నల్లగొండ ప్రజలకు ఈ మాట విడమరచి చెప్ప నక్కరలేదు. భూగర్భమునందలి ఫ్లోరైడునీరు త్రాగి యెముకలు వంగిన తరములను ఈ జిల్లా చూచియున్నది. ఆ గ్రామములకు విముక్తి కృష్ణాజలముతోనే వచ్చినది. పుట్టంగండి వద్ద నెత్తు నీరును, కోదండపురము మీదుగా భాగ్యనగరమునకు బోవు నీరును నాగార్జునసాగరమునుండియే వచ్చుచున్నవి. అట్టి నదిలోనికి మనము పంపుచున్న దేమి? భాగ్యనగరపు మురుగును మోసికొని మూసీ నల్లగొండ జిల్లాగుండ బారి వాడపల్లివద్ద కృష్ణలో గలియుచున్నది. ప్రత్తిచేలపై జల్లిన పురుగుమందులు వానకు కొట్టుకొనివచ్చి వాగులలో జేరుచున్నవి. ఏరుల యిసుకను యంత్రములు తోడివేయుచున్నవి. ఇసుకతో నీటికుక్క ఆరుచోటును, ఒడ్డుబావులలోని యూటయు బోవుచున్నవి. లంబాపురము, పెద్దగట్టు ప్రాంతములందును, పిదప అమ్రాబాదునందును యురేనియము త్రవ్వదలచినపుడు ప్రజలు మేల్కొని యెదిరించిరి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో ఆ త్రవ్వకము వలదని తీర్మానించినది. గనిని వలదనిన ప్రజలు, దినదినము చినుకు చినుకుగా జేరు విషమునుగూర్చి మౌనము వహించుట తగునా?

ప్రభుత్వమువారికి మేము విన్నవించునవి నాలుగు. పులుల గణనతోబాటు జూరాల మొదలు వాడపల్లివరకు కృష్ణలో నీటికుక్కల గణనయు క్రమము తప్పక జరుగవలయును. అలివి వలలను, నీట మందుగుండును కఠినముగా నణచవలయును. ఇందు మత్స్యకార సహకారసంఘములనే కావలివారినిగా జేయుట మేలు. పులిచే బశువు చచ్చిన రైతునకు పరిహార మిచ్చు న్యాయమే, వల చినిగిన జాలరికిని అన్వయింపవలయును. ఆ పరిహార మిచ్చిననాడు విషము బెట్టు చేయి ఆగును. నాలుగవది, పిల్లలబెట్టు కాలమున గుర్తించిన ఒడ్డులయందు ఇసుక త్రవ్వకమును యంత్రనావలను నిలిపివేయవలయును.

భూస్వాములగు పాఠకులకును ఒక మాట. వాగుగట్టున చెట్టు కొట్టింపకుండుటయు, మందుడబ్బాలను ఏటిలో గడుగనీయకుండుటయు, ఊరిపొలిమేరలో అలివి వల విప్పినవాని నడ్డుకొనుటయు చట్టముతో బనిలేకయే మీచేత గాదగిన పనులు. పట్టణవాసులు తమ యింటి మురుగు ఎచ్చటికి బోవుచున్నదో పురపాలక సంఘమువారి నడుగవచ్చును. ఊరిపెద్ద యొక్కడు నిలిచినచోట పదిమంది వెంట నిలుతురని మన గ్రామజీవనము నెరిగినవారికి దెలియును. కృష్ణ మన నేలకు బ్రదుకుదెరువు నిచ్చుచున్నది. ఆ నీటనే పిల్లలను సాకు ప్రాణిని కాపాడుట ఉపకారమని గాక స్వరక్షణమని యెంచి, రాబోవు వర్షర్తువునకు ముందే యీ పనులకు బూనుకొందురని ఆశించుచున్నాము.