హస్తకళలు: తోలు కుట్టునప్పుడు దారము పీచు లేవకుండుట

గతమాసమున నొక సోదరీమణి వ్రాసిన జాబు మమ్ము మిగుల నాలోచింపజేసినది. ఆమె యింటిపట్టున నుండి తోలుతో డబ్బుసంచులు కుట్టి, ఆ రాబడితో నిద్దరు బిడ్డలను చదివించుకొనుచున్నారు. ఒక దుకాణదారు ఆమెవద్ద పండ్రెండు సంచులు కొని, పక్షము దినములు గడవకమున్నే యైదింటిని తిప్పి పంపినాడట. తోలునకు లోపము లేదు. కత్తిరింపునకు లోపము లేదు. కుట్టినదారము పీచు లేచి, రెండుమూడు చోట్ల తెగినది. “మేలైన దారమునే కొంటిని. అయినను కుట్టు సగము కాకమున్నే పీచు లేచుచున్నది. దోషము నాచేతిలోనే యున్నదా?” యని యామె యడిగినారు.

ఆ సోదరి చేతిలో దోషము లేదని మేము మొదటనే చెప్పుచున్నాము. బట్ట కుట్టుట కలవాటుపడిన చేయి తోలును పట్టినప్పుడు తెలియక చేయు పొరపాటులు కొన్ని గలవు. మేమును వాని నన్నిటిని చేసినవారమే. వానిని మాకు దిద్దినది మా వీధిచివర చెప్పులు కుట్టు నొక వృద్ధుడు. తోలుపని తక్కువపని యని తలచువారు ఆయన చేతికుట్టును ఒక్కమారు దగ్గరనుండి చూచిన, ఆ తలంపును విడిచెదరు.

బట్టలో సూది దిగునప్పుడు నూలుపోగులు ప్రక్కకు తొలగి దారి యిచ్చును. తోలు అట్లు తొలగదు. రంధ్రముయొక్క అంచు దారమును ప్రతిమారును రాచును. ఒక చిన్న లెక్క చూడుడు. అడుగు పొడవు గల కుట్టును అంగుళమునకు 6 వంతున కుట్టినచో రంధ్రములు 72 అగును. తోలుపనివారి రెండుసూదుల కుట్టులో నొకే దారముయొక్క రెండుకొనలకు రెండు సూదు లుండి, రెండును ప్రతిరంధ్రము గుండ ఎదురెదురుగా పోవును. కావున సూదికి దగ్గరనున్న దారపుభాగము 72 మారులు రాపిడి పడవలెను. పీచు లేచుట కిదియే మూలము. రాపిడిని తగ్గించుటయు, దానికి దారము నోర్చునట్లు చేయుటయు, ఈ రెండే మన పనులు.

మొదట రంధ్రమును చూడవలెను. మొండిమేకుతో పొడిచిన రంధ్రములోపల తోలు చినిగి గరుకుగా నుండును. తోలుకుట్టు ఆర మొనను సానరాతిపై పదును పెట్టి, పాతతోలుముక్కపై నాలుగుమారులు రుద్ది నునుపు చేసికొనవలెను. కుట్టుటకు ముందే రంధ్రములన్నిటిని సమదూరమున పొడిచికొనుట మంచిది. దారము రంధ్రములో నిండుగా నుండవలెను గాని, బలవంతమున దూరరాదు. తంగేడుచెక్క మొదలగువానితో పదునుచేసిన గట్టితోలులో రంధ్రము పొడిచినట్లే నిలుచును. క్రోముతో పదునుచేసిన మెత్తనితోలులో నది మరల ముడుచుకొనును. అట్టితోలును కుట్టునప్పుడు రెండుమూడు రంధ్రముల కొకమారు ఆరను మరల దించి దారి తెరచుచుండవలెను.

పిమ్మట సూది. ముందుగా పొడిచిన రంధ్రములకు మొన మొద్దుగా నున్న సూదియే తగినది. వాడిమొన తోలును, దారమును గూడ గ్రుచ్చును. సూదిబెజ్జము అంచు కొన్నిసూదులలో కత్తివలె నుండును. ఒక దారపుముక్కను బెజ్జములో నెక్కించి పదిమా రిటునటు లాగి చూడుడు. పీచు లేచిన నా సూదిని తోలుపనికి వాడకుడు. సూదికడ దారము లావుగా మడతపడినను రాపిడి హెచ్చును. నార, నూలు దారములకొనను రెండంగుళముల మేర చాకుతో మెల్లగా గీకి సన్నము చేసి యెక్కించినచో సుళువుగా సాగును.

మూడవది దారముయొక్క పొడవును మైనమును. కుట్టుపొడవునకు నాలుగురెట్లును, సూదులను పట్టుటకు మరియొక మూరయు చాలును. అడుగుకుట్టునకు ఐదున్నర అడుగు లగును. మాటిమాటికి దార మెక్కించు శ్రమ యెందుకని రెండుబారల దారము తీసికొనుట మే మందరమును చేయు పొరపాటు; అంతదారము వందకు పైగా రంధ్రములలో రాచుకొని, చివరకు దూదివలె నగును. దీర్ఘమైన కుట్టును రెండుతునుకల దారముతో కుట్టుట మేలు.

అవిసెనారదారమునకును, నూలుదారమునకును తేనెమైనము తప్పక పట్టింపవలెను. మైనపుముద్దపై దారమును బొటనవ్రేలితో నదిమి రెండుమూడుమారులు లాగి, పిమ్మట మడిచిన గుడ్డలో పట్టి వేగముగా లాగుడు. ఆ రాపిడివేడికి మైనము మెత్తబడి పోగుల నడుమకు దిగి, పీచును అణచి యుంచును. సగముకుట్టు కాగానే మరియొకమారు పట్టించుట మంచిది. అతిగా పట్టించినచో రంధ్రములకడ మైనము పేరుకొని దుమ్ము పట్టును. పాలియెస్టరు దారములు కొన్ని మైనము పట్టించియే యమ్మబడును. వేళ్లకు జిడ్డుగా తగిలినచో వానికి మరల పట్టింప నక్కరలేదు.

నాలుగవది అందరును మరచునది. మొదటిసూది పోయిన రంధ్రమునకే రెండవసూది యెదురుగా వచ్చునుగదా! అప్పుడది మొదటిదారమును గ్రుచ్చినచో పోగులు చీలును. బిగించినతోడనే పీచు లేచును. కావున రెండవసూదిని దూర్చునప్పుడు మొదటిదారమును కొంచెము వెనుకకు లాగుచుండవలెను. అది సులువుగా కదలిన గ్రుచ్చుకొనలేదని తెలిసికొనవచ్చును. కదలకున్న, సూదిని వెనుకకు తీసి మరల దూర్చుడు. సూదిని వ్రేళ్లలో నొకేవైపునకు త్రిప్పుచు లాగుటవలనను పురి విడిపోవును. పది కుట్ల కొకమారు సూదిని క్రిందికి వ్రేలాడవిడిచిన, పురి తనంతట తాను సరిపడును.

పీచు లేచినచోటే దాని కారణమును చెప్పును. తొలి పదికుట్లలోనే లేచినచో రంధ్రమునో, సూదిబెజ్జమునో పరీక్షింపుడు. కుట్టు ముగియవచ్చునప్పుడు మాత్రమే లేచినచో దారము మితిమీరినది, లేక మైనము చాలలేదు. నడుమ నొక్కచోటనే పోగు చీలినచో సూది దారమును గ్రుచ్చినది. క్రొత్తపని కారంభించుటకు ముందు అదే తోలు తునుకపై పదికుట్లు కుట్టి చూచుట యెన్నడును వ్యర్థము కాదు.

కుట్టు ముగియగానే రెండుమూడు కుట్లు వెనుకకు కుట్టి దారమును కత్తిరింపవలెను. నైలాను, పాలియెస్టరు దారముల కొనను కొద్దిగా మిగిల్చి దీపపుసెగ చూపిన కరగి గట్టిపడును. సెగ తోలునకు తగులనీయకుడు. నూలును, నారయు కరగవు, కాలిపోవును. వానికి సెగ చూపరాదు.

ఇక తిరిగివచ్చిన యైదుసంచుల మాట. సోదరి వానిని పారవేయ నక్కరలేదు. పాతదారమును లాగి తెంపక, కుట్టునకు కుట్టు కత్తిరించి తీయవలెను. పాతరంధ్రములలోనే మరల కుట్టవలెను. వాని ప్రక్కనే క్రొత్తరంధ్రములు పొడిచినచో తపాలాబిళ్లల అంచువలె తోలు ఆ వరుసవెంట చినుగును. రెండుసూదుల కుట్టున కొక సుగుణము గలదు: ఒకవైపుదారము తెగినను రెండవది పట్టియుండును, కుట్టుయంత్రపు కుట్టున కీ యోర్పు లేదు. ఈ సంగతిని దుకాణదారునకు చెప్పి, బాగుచేసిన యైదింటిని మరల పంపుమని మా సలహా. పనిలో తప్పు వచ్చుట యవమానము గాదు. కారణమెరిగి దిద్దుకొన్న చేతికే కొనువారు రేపు మరల పని యిత్తురు. ఆ సోదరి మరల వ్రాయు జాబుకొరకు మేము వేచియుందుము.