జీను కింద చెయ్యి పెట్టి చూడండి
మొన్న మాఘమాసంలో కొవ్వూరు గోష్పాద క్షేత్రం దగ్గర ఊరేగింపు అయ్యాక, పెళ్ళిగుర్రం మీంచి జీను దించుతుంటే దగ్గరికెళ్ళి చూశాను. ఒళ్ళంతా చెమటతో తడిసిపోయింది, మూపు వెనక మాత్రం అరచేతంత మేర పొడిగా ఉంది. పక్కనే తెల్ల వెంట్రుకలు. పొడిమచ్చ కనబడితే అక్కడ జీను గట్టిగా నొక్కుతోందేమోనని అనుమానించాలి. తెల్ల వెంట్రుకలు పాత గాయానికి గుర్తు. "చట్రం లేని జీనండి, ఏ గుర్రానికైనా సరిపోద్ది" అన్నాడు జీను దించుతున్న కుర్రాడు. సరిపోదు. లోపల చట్రం ఉంటే అది బరువుని వెన్నుకి రెండు పక్కలా పరుస్తుంది. కొలత తప్పితే గుచ్చుకుంటుంది. చట్రం తీసేస్తే ఆ గుచ్చుడు తగ్గొచ్చు గానీ, బరువంతా మనిషి కూర్చున్నచోటా రికాబు పట్టీలు వేలాడేచోటా పోగుపడుతుంది. వెన్నెముక మీద సందు వదిలే మెత్త ఎంత మందం ఉండాలో వీపు తడిమి చెప్పగల మనిషి కావాలి. మన వైపు ఏ వడ్రంగైనా ఎద్దు మెడ చూడకుండా కాడి చెక్కేవాడా? ఇక బరువు మాటకొస్తే, 1965 నాటి కేంద్ర నిబంధనలు తట్టుగుర్రం మీద సరుకు 70 కిలోలు దాటకూడదన్నాయి. పెళ్ళికొడుకూ, ముందు కూర్చోబెట్టిన పిల్లాడూ కలిస్తే ఎంతవుతుందో లెక్క వేసుకోండి. జీను తెలిసిన నిపుణుడు దొరక్కపోతే పశువైద్యుడికి వీపు చూపించండి. జీను దించిన ప్రతిసారీ వెన్నుకి రెండు పక్కలా వేళ్ళు ఆనించి మెల్లగా నొక్కండి. ఆ రాత్రి నేను నొక్కితే, ఆ గుర్రం నడుం కుంగదీసుకుని పక్కకి జరిగిపోయింది.