తల నరికిన అంకెలు

సికింద్రాబాదులో ఒక శిక్షణ కేంద్రం పంచే పాఠ్యపత్రంలో ఈ ఆణిముత్యం దొరికింది: "టెక్స్టు ఫైలు పైనున్న పంక్తులు చెత్త. అవి దాటి అంకెలు మాత్రమే ఎక్కించుకోవాలి." ఇంతటి అజ్ఞానాన్ని రుసుము పుచ్చుకుని బోధించడం సాహసమే!

వాన లెక్కనే చూడండి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో నమోదైన వర్షపాతం 241.5 మి.మీ. అమెరికావారి జీహెచ్‌సీఎన్ దైనిక సంపుటిలో వర్షపాతం మిల్లీమీటరులో పదోవంతుల్లో ఉంటుంది. ఆ లెక్కన ఇది 2415. ప్రమాణం చెప్పే మాట పారేసినవాడికి అది ఒక్కరోజులో కురిసిన మూడేళ్ళ వాన. లెక్క లేని రోజుకు అక్కడ -9999 వేస్తారు. మే నెలలో ముప్ఫై రోజులు నలభై డిగ్రీలు కాసి, ఒక్కరోజు లెక్క తప్పితే, మన సికింద్రాబాదు సగటు ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీలకు దిగుతుంది. స్వెట్టర్లు తీయండి!

ఇవి కనబడే తప్పులు గనుక ఎవరో ఒకరు నవ్వి దిద్దుతారు. కనబడని తప్పు తేదీది. మన వాతావరణశాఖ లెక్కలో ఒక తేదీ వాన అంటే ఆ ఉదయం 8:30కి ముగిసిన 24 గంటల వాన. అంటే ఆ 241.5లో చాలా గంటలు 23వ తేదీవే. పక్కన అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కొలిచిన నది మట్టాన్ని పెడితే, వానకు ముందే వరద వచ్చినట్టు కనబడవచ్చు. అంకెలన్నీ సరైనవే, ఫలితం మాత్రం అబద్ధం.

యంత్రానికి మాటలు అర్థం కావు, అంకెలే కావాలి కదా అంటారు. నిజమే. యంత్రానికి అక్కరలేనిది మనిషికీ అక్కరలేదని ఎవరన్నారు? ఆర్‌లోని రీడ్.టేబుల్, నమ్‌పైలోని లోడ్‌టెక్స్ట్, # తో మొదలయ్యే పంక్తులను మనల్ని అడగకుండానే మింగేస్తాయి. అందుకే ముందుగా మనమే ఫైలు తెరిచి చదవాలి. దాటేసిన పంక్తులను అంకెల పక్కనే భద్రపరచాలి. "మి.మీ." అని ఉండవలసిన చోట లేకపోతే ప్రోగ్రాము ఆగిపోవాలి.

ఈ క్రమశిక్షణ మనకు కొత్తదేమీ కాదు. బేగంపేటలోని నిజామియా వేధశాల, చిలీలోని శాంటియాగోకు కేటాయించి వదిలేసిన ఆకాశభాగాన్ని, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీని, తలకెత్తుకుని గాజు ఫలకాలపై ఫొటోలు తీసింది. ఒక్కో నక్షత్రానికి కొలిచినవి ఫలకంపై అడ్డం, నిలువు దూరాలు. ఫలకం కేంద్రం ఆకాశంలో ఎక్కడ, దాన్ని ఏ రోజున తీశారు అన్న రెండు మాటలు లేకుంటే ఆ లక్షలాది అంకెలు దేనికీ పనికిరావు. ఆ మాటలు అచ్చులో నిలిచాయి గనుకనే, అమెరికా నౌకాదళ వేధశాలవారు ప్రపంచంలోని అలాంటి సంపుటాలన్నిటినీ కలిపి ఏసీ 2000 కూర్చగలిగారు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో నక్షత్రాల కదలికలు కట్టడానికి పాత స్థానాలు అక్కడినుంచే వచ్చాయి. తేదీ పోయి ఉంటే, నక్షత్రం ఎంత జరిగిందో తెలిసేది, ఎన్నేళ్ళలో జరిగిందో తెలిసేది కాదు.