స్వాతిలో ఏముంది?

మదీనత్ అల్ షమాల్ అంటే అరబ్బీలో ఉత్తర నగరం. ఖతర్ ఉత్తరపు కొసన, సముద్రం పక్కన ఉంటుంది. మే నెలలో ఇక్కడ చీకటి పడ్డాక సప్తర్షి మండలం వెతకండి. దాని తోక వంపు వెంట చూపు అలాగే ముందుకు పోనిస్తే నారింజ రంగు నక్షత్రం ఒకటి తగులుతుంది. అరబ్బులకు అది అల్ సిమాక్ అల్ రామిహ్. మనకు స్వాతి. పంచాంగంలో ఈ పేరు చదివేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఆకాశంలో వేలు పెట్టి చూపేవాళ్ళే తక్కువ.

స్వాతి చినుకు ముత్యపుచిప్పలో పడితే ముత్యమవుతుందని మన పెద్దలు అంటారు. ఇక్కడికి దగ్గర్లోని అల్ జుబారా ఒకప్పుడు ముత్యాల వ్యాపారంతో బతికిన పట్టణమే. 2013లో యునెస్కో జాబితాలో చేరింది. ముత్యంలో ముఖ్యంగా ఉండేవి కాల్షియం, కార్బన్, ఆక్సిజన్. తమాషా ఏమిటంటే, ఈ మూడూ స్వాతి వాతావరణంలోనూ ఉన్నాయి.

స్వాతి 37 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మరి ఎలా తెలిసింది? నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీస్తే మధ్యమధ్య సన్నని నల్ల గీతలు కనిపిస్తాయి. ఏ మూలకం గీతలు దానివే. నక్షత్రం వేడిని కూడా లెక్కలోకి తీసుకుని, గీత ఎంత బలంగా ఉందో చూస్తే ఆ మూలకం ఎంత ఉందో తెలుస్తుంది. హైదరాబాదులో పెరిగిన వైను బప్పు, ఒలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ఇంకో సంగతి చూపించారు. ఇలాంటి నక్షత్రాల్లో కాల్షియం గీత నడుమ సన్నని వెలుగు ఉంటుంది. దాని వెడల్పును బట్టి నక్షత్రపు అసలు కాంతిని చెప్పవచ్చు.

స్వాతిలో ఇనుము పాలు సూర్యుడిలో ఉన్నదానిలో సుమారు మూడో వంతే. నాకు మాత్రం కార్బన్ కథ ఎక్కువ ఇష్టం. కార్బన్‌లో 12 అనే తేలిక రకం, 13 అనే బరువు రకం ఉన్నాయి. సూర్యుడిలో ఒక్క 13కు సుమారు తొంభై 12లు ఉంటాయి. స్వాతిలో పది కూడా లేవు!

చారు గిన్నెను కదపకుండా పైపైన వడ్డిస్తే తేట నీళ్ళే వస్తాయి. అడుగు నుంచి గరిటెతో కలిపితే పప్పు పైకి వస్తుంది. స్వాతి వయసు మీరిన నక్షత్రం. ఉబ్బి ఉబ్బి సూర్యుడికి 25 రెట్ల వెడల్పయింది. అలా ఉబ్బినప్పుడు లోపలి సుడులు కిందిదాకా దిగి, అక్కడ వండిన బరువు కార్బన్‌ను పైకి తెచ్చాయి. సుమారు 500 కోట్ల ఏళ్ళకు మన సూర్యుడూ ఇలాగే ఉబ్బుతాడు.

మీలో ఎవరిదైనా జన్మ నక్షత్రం స్వాతి అయితే, ఈ నెల ఇంట్లో పిల్లలకు దాన్ని చూపించండి. పేరు తెలుగులోనే చెప్పండి.