స్థూలకాయం: లోపం మనిషిదా, కంచానిదా?

సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్లలో ఒకప్పుడు ఒళ్లు చేయడం కలిమికి గుర్తు. నేడది రక్తపోటుకు, మధుమేహానికి, మోకాళ్ల నొప్పులకు దారితీస్తున్న సమస్య. అయినా లావుగా ఉన్నవారిని చూసి నలుగురూ అనే మాట ఒక్కటే: “నోరు కట్టుకోలేరు”. ఈ తీర్పు సబబేనా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే గణాంకాలు వేరొక చిత్రాన్ని చూపుతున్నాయి. తమిళనాడులో 15-49 ఏళ్ల మహిళలలో అధిక బరువు లేదా స్థూలకాయం గలవారు 2015-16లో 30.9 శాతం కాగా, 2019-21 నాటికి 40.4 శాతానికి చేరారు. ఆ రెండవ సర్వేలోనే కర్ణాటకలో 30.1, మహారాష్ట్రలో 23.4, ఒడిశాలో 23 శాతంగా తేలింది. యానాం అంతర్భాగమైన పుదుచ్చేరిలో ఇది 46.2 శాతం. ఇంతమందికి ఒక్కసారిగా నిగ్రహం లోపించిందనడం హేతువుకు నిలవదు. మారినది తిండి, తగ్గినది శ్రమ.

కోలారు, హోసూరు ప్రాంతాలలో రాగి సంకటి, బళ్లారి, రాయచూరు వైపు జొన్నరొట్టె ఒకనాటి ప్రధానాహారం. చౌక బియ్యం వచ్చాక అన్నానిదే పైచేయి అయింది. దుక్కి ట్రాక్టరుకు, రుబ్బు గ్రైండరుకు, నడక మోటారు సైకిలుకు చేరాయి. కంచంలో అన్నపు రాశి మాత్రం అలాగే ఉంది.

అన్నం మాని చపాతీలకు మారడం చాలామంది ఎంచుకునే మార్గం. 2025లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం భారతీయులకు అందే శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. ఆ మొత్తం తగ్గకుండా బియ్యం బదులు గోధుమలో, చిరుధాన్యాలో తిన్నంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గదని ఆ అధ్యయనం తేల్చింది. తగ్గించిన ధాన్యం స్థానంలో పప్పు, పెరుగు వంటివి చేరాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించిన 2000 కేలరీల దినసరి ఆహారంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములు. ఈ లెక్కన నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు దాదాపు మూడున్నర లీటర్ల నూనె చాలు. చక్కెర రోజుకు 25 గ్రాములు మించరాదన్నది మరొక సూచన. రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు టీలు తాగితే 40 గ్రాములవుతుంది.

తినే వేళలూ ముఖ్యమే. బరువు తగ్గాలని ఉదయం టిఫిన్ మానినవారు సాయంత్రానికి ఆకలికి ఆగలేక బజ్జీలు, బోండాలు తిని, రాత్రి పొద్దుపోయాక కడుపునిండా భోంచేయడం కద్దు. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా పూట మానడం ప్రమాదకరం కూడా. ఇల్లాలి పరిస్థితి మరొకటి. అందరూ తిన్నాక మిగిలిన అన్నం పారేయలేక ఆమె తింటుంది. కూర అప్పటికే అయిపోయి ఉంటుంది. అందుకే లావుగా ఉన్న స్త్రీలలోనూ రక్తహీనత ఉండవచ్చు.

కాబట్టి ఒక్కరికి వేరుగా పథ్యం వండి, తక్కినవారు యథాప్రకారం తింటే ఫలితం నిలవదు. బియ్యం కొలత తగ్గించి పప్పు, ఆకుకూర పెంచడం, నూనె డబ్బాకు నెల గడువు పెట్టడం, ఇల్లాలు అందరితో కలిసి కూర్చొని తినడం ఇంటిల్లిపాదీ తీసుకోవలసిన నిర్ణయాలు. ఎగతాళి వల్ల ఎవరి బరువూ తగ్గదు; కంచం మారితే తగ్గే అవకాశముంది.