కాందిశీకులకు దిక్కెవరు?



ఒక మాట పుట్టుకతో మొదలుపెడతాను. జీవితమంతా పిల్లలకు మాటల అర్థాలు చెప్పి బ్రతికినవాణ్ణి గనుక నాకు వేరే దారి తెలియదు. "కాందిశీకుడు" అనే మాటను పత్రికలలో చూస్తూనే ఉంటాము. శరణార్థి అని అర్థం చెప్పుకొని ముందుకు సాగిపోతాము. "కాం దిశం" అంటే "ఏ దిక్కుకు?" అని. ప్రాణభయంతో ఇల్లు విడిచి పరుగెత్తేవాడు "ఏ దిక్కుకు పోదును?" అనుకుంటాడు గనుక వాడు కాందిశీకుడైనాడని పెద్దలు వ్యుత్పత్తి చెప్పారు. తెలుగులో దిక్కుకు ఇంకొక అర్థం కూడ ఉన్నది. ఆదుకొనేవాడు, ఆశ్రయమిచ్చేవాడు అని. దిక్కులేనివాడు అన్నప్పుడు మన మనసులో ఉండేది ఆ అర్థమే. మొదటి అర్థంలో ప్రశ్న వేసుకుంటూ మన గడపలోకి వచ్చినవారికి రెండవ అర్థంలో సమాధానం చెప్పవలసిన బాధ్యత మనది. ఇరవై ఏళ్ళు గడిచినా మనమా సమాధానం చెప్పలేదు. నా ఫిర్యాదు అదే.

ఎవరిని గురించి అంటున్నానో చెబుతాను. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు ప్రాంతంలో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టులను ఎదిరించే పేరిట, ప్రభుత్వపు అండతో, ఊళ్ళను ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. దోర్నపాల్, ఎర్రబోర్, కొంటా శిబిరాల పేర్లు ఆనాడు పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటాయి. శిబిరానికి రానివాడు మావోయిస్టు అని ఒక పక్షం, వెళ్ళినవాడు ద్రోహి అని ఇంకొక పక్షం. గుడిసెలు కాలాయి, మనుషులు చచ్చారు. ఈ రెండు తుపాకుల నడుమ నిలువలేనివారు వాగులు దాటి, అడవిదారులు పట్టి, అప్పటి ఖమ్మం జిల్లాలోనికి వచ్చారు. వారిలో అధికులు మురియా గోండులు. మనము వారికి పెట్టుకొన్న పేరు గుత్తికోయలు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు, ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి తుపాకులు చేతికిచ్చిన ఆ పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పు చెప్పిన ఇద్దరిలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఒకరు, మన తెలుగువారు. తప్పు జరిగినదని దేశపు అత్యున్నత న్యాయస్థానమే నిర్ధారించినది. ఆ తప్పుకు ఇల్లు పోగొట్టుకొన్నవారి మాట మాత్రం ఎవరికీ పట్టలేదు.

వచ్చినవారెందరు? 30,000 అని కొందరు, 50,000 అని కొందరు. ఈ రెండు అంకెల నడుమ ఇరవై వేలమంది ప్రాణులు ఉన్నారో లేరో తెలియని స్థితిలో ఉన్నారు. రేషను దుకాణంలో పంచదార అరకిలో తేడా వస్తే లెక్క అడిగే దేశం మనది. ఇరవై వేల మనుషుల తేడాను అడిగిన నాథుడు లేడు.

"ఎవరూ ఏమీ చేయలేదనకండి" అని కొందరు మిత్రులు కోపగిస్తారు. నిజమే, చేశారు. అంతర్జాతీయ వైద్యబృందమొకటి సంచార వైద్యశిబిరాలు నడిపినది. మిషనరీలు చేశారు, సేవాసంఘాలు చేశాయి, కళాశాల విద్యార్థులు చేశారు, ఐ.టి.డి.ఏ. వారు కొన్నిచోట్ల బడులు, చేతిపంపులు పెట్టారు. వారి శ్రమను తక్కువ చేయను. నా తగాదా ఎవరి దయతోనూ కాదు. ఆ దయ అంతా అన్వయం కుదరని పద్యంలా ఉన్నదనే నా తగాదా.

పద్యం చెప్పేటప్పుడు పిల్లలకు ముందు నేర్పేది అన్వయం. కర్త ఎవరు, కర్మ ఏది, క్రియ ఏది అని పదాలను కుదురుగా పేర్చుకొంటే గాని అర్థం తేలదు. సమన్వయం అనే మాటలో ఉన్నది ఆ అన్వయమే. ఈ ముప్పై యాభై వేలమందికి అందిన సహాయంలో కర్మ ఉన్నది, క్రియ ఉన్నది, కర్త లేడు. "దుప్పట్లు పంచబడినవి", "గుడిసెలు తొలగించబడినవి", "దరఖాస్తు పరిశీలించబడుచున్నది" — ఈ "బడు" ధాతువు చాటున దాగినవాడు ఎవడో ఏ కాగితంలోనూ ఉండదు.

నా తప్పు కూడ ఒకటి ఇక్కడే ఒప్పుకొంటాను. ఏజెన్సీలో ఉద్యోగం చేసే రోజులలో ఒక పుష్యమాసాన పట్నం నుండి ఒక సేవాసంఘం వారు దుప్పట్లు తెచ్చారు. నన్ను తోడు రమ్మన్నారు. ట్రాక్టరు ఎంతవరకు పోగలదో అంతవరకే పోయాము. అక్కడి గూడెంలో పంచాము, ఫొటోలు తీసుకొన్నారు. ఆ గూడేనికి ఆ చలికాలంలో అది మూడవ దుప్పటి అని తరువాత తెలిసినది. వాగుకు ఆవలి గూడేనికి మొదటిది కూడ అందలేదు. దాతలను పొగుడుతూ ఆ సాయంత్రం సన్మానపత్రం వ్రాసినది ఎవరనుకొన్నారు? నేనే. సీసపద్యంలో.

ఆనాడు ఒక మనిషి దుప్పటి తీసుకొని వెళ్ళిపోకుండ నిలబడ్డాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితమొకటి విప్పి చూపాడు. ఛత్తీస్‌గఢ్ రేషను కార్డు. "సారూ, కాయితం?" అన్నాడు. ఇక్కడి కాగితం ఎవరిస్తారని అతని ప్రశ్న. అతనికి తెలిసిన రెండు తెలుగు మాటలు అవే కాబోలు. సంఘం వారు నావంక చూశారు, నేను సంఘం వారివంక చూశాను. ఆ ప్రశ్నకు జవాబుదారీ మా ఇద్దరిలో ఎవరమూ కాము. ఇంకెవరో కూడ మాకు తెలియదు.

ఆ కాగితం ఎంత పని చేస్తుందో చూడండి. రాజ్యాంగం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికే. అక్కడ ఆదివాసీ అయినవాడికి గీత దాటగానే ఇక్కడ ఆ ప్రయోజనాలు లేవు. 2006 అటవీహక్కుల చట్టంలో, 2005 డిసెంబరు 13కు ముందు అడవినుండి అక్రమంగా వెళ్ళగొట్టబడిన ఆదివాసులకు ప్రత్యామ్నాయ భూమి ఇవ్వవచ్చుననే మాట ఉన్నది. జుడుం మొదలైనది ఆ ఏడు జూన్‌లో. అంటే ఆరునెలల లోపల ఊరు కాలినవాడికి ఒక దారి ఉన్నది, సంక్రాంతికి కాలినవాడికి లేదు. పోనీ, ఆ ఆరునెలలలో వచ్చినవాడైనా ఎప్పుడు వచ్చాడో రుజువు చేసుకోవాలి గదా! వచ్చిననాడు ఎవరూ పేరు వ్రాసుకోలేదు. పేరు వ్రాసుకోని పాపానికి చట్టంలో ఉన్న హక్కు కూడ గాలికి పోయింది. వేయి దుప్పట్లు ఈ నష్టాన్ని పూడ్చగలవా?

తరువాత రాష్ట్రం రెండయినది. 2014లో పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. తక్కినవి తెలంగాణలో ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ ఎటూ ఉన్నది. ఒక రాష్ట్రం పట్టించుకోనివారిని ఇప్పుడు మూడు రాష్ట్రాలు కలిసి పట్టించుకోవడం లేదు. అటవీశాఖకు వారు ఆక్రమణదారులు, పోలీసులకు అనుమానితులు, విద్యాశాఖకు బడి మానేసిన పిల్లలు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో వారి గుడిసెలను అటవీ సిబ్బంది కూల్చారు. ఒక శాఖ బడి పెడుతుంది, ఇంకొక శాఖ ఊరినే పీకుతుంది. ఊరు లేకుండ బడి ఎవరికి?

మంచి మనసులు ఎన్ని ఉన్నా కర్త లేకపోతే ఏమవుతుందో లోకం 1994లోనే చూసినది. రువాండా నుండి ఆ జూలైలో లక్షలాది జనం అప్పటి జైరు దేశంలోని గోమా పట్టణానికి చేరారు. సహాయసంస్థలు వందల సంఖ్యలో దిగాయి. అయినా కలరా, విరేచనాలతో కొద్ది వారాలలో సుమారు 50,000 మంది చనిపోయారు. ఆ అవమానంలో నుండే, ఇలాంటివేళ మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు ఉండాలి వంటి ఉమ్మడి ప్రమాణాలు పుట్టాయి. మన గూడేలలో చెలమ తవ్వుకొని ముంత ముంతగా తోడుకొనే తల్లికి ఆ 15 లీటర్లు ఉన్నాయా అని కొలిచినవారెవరు? కొలవాలంటే ముందు ఎందరో తెలియాలి.

ఇక ఆక్షేపణలు.

"వారు పోడు కొట్టి అడవిని నాశనం చేస్తున్నారు." పోడు కొడుతున్న మాట నిజం. కూలి దొరకని రోజున తినడానికి వారికి వేరే ఏముంది? అడవి మీద నిజంగా ప్రేమ ఉన్నవాడు వారికి అడవి వెలుపల బ్రతుకు చూపాలి గాని, ఒక గూడెం పీకి నాలుగు కోసుల అవతల ఇంకొక గూడెం పుట్టించకూడదు.

"వారు హింసకు దిగుతున్నారు." 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ అధికారిని చంపారు. అది ఘోరం. ఆ కుటుంబపు దుఃఖానికి తలవంచుతాను. నేరం చేసినవారికి శిక్ష పడవలసినదే. కాని ఆ వెంటనే గుత్తికోయలందరినీ పంపివేయాలని తీర్మానం వచ్చినది. మన కులంలో ఒకడు హత్య చేస్తే మన కులమంతా ఊరు విడిచిపోతుందా?

"పేర్లు వ్రాస్తే ఇంకా వస్తారు." ఇల్లు తగులబడితే మనిషి పరుగెత్తుతాడు. పట్టికలో పేరు ఎక్కించుకోవడానికని ఎవడూ ఇంటికి నిప్పు పెట్టుకోడు.

"వారి రాష్ట్రానికి వారు వెళ్ళిపోవచ్చు గదా." తిరిగి వెళ్ళడం ఇష్టపూర్వకంగా, భద్రంగా, గౌరవంగా జరగాలని 1998లో ఐక్యరాజ్యసమితి ముందు ఉంచిన మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి. పోయిన పత్రాలకోసం మళ్ళీ సొంత ఊరికే వెళ్ళి తెచ్చుకొమ్మనడం వంటి అసమంజసమైన షరతులు పెట్టరాదని కూడ అందులోనే ఉన్నది. మనము ఇరవై ఏళ్ళుగా పెడుతున్న షరతు సరిగా అదే! పైగా 2006లో ఇక్కడ పుట్టిన పిల్లకు ఓటు వయసు కూడ దాటినది. ఆమె "తిరిగి" ఎక్కడికి వెళ్ళాలి?

ఇది కాని పని కాదు. 1997లో మిజోరంనుండి ఘర్షణలకు జడిసి త్రిపురకు వచ్చిన బ్రూ జనం సంగతి చూడండి. 2020 జనవరి 16న కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు ఒకచోట కూర్చొని సంతకాలు చేశారు. సుమారు 34,000 మందికి త్రిపురలోనే స్థిరనివాసం, 600 కోట్ల రూపాయలు, కుటుంబానికి ఇంటిస్థలం, 4 లక్షల డిపాజిట్టు, రెండేళ్ళపాటు నెలకు 5,000 రూపాయలు, రేషను. ఇరవై మూడేళ్ళ ఆలస్యం, ఒప్పుకొంటాను. కాని వారు శిబిరాలలో ఉన్నారు, లెక్కలో ఉన్నారు, అందుకే కాగితం మీదికి ఎక్కగలిగారు. మనవారు చెట్టుకొకరు పుట్టకొకరుగా అడవిలో చెదిరి, లెక్కకు అందకుండా పోయారు.

అందుచేత నేను కోరేది పెద్దదేమీ కాదు. మూడు రాష్ట్రాలూ ఒప్పుకొనే ఒకే పట్టిక. ప్రతి గూడెం పేరు, ప్రతి మనిషి పేరు, వచ్చిన ఏడు, విడిచిన ఊరు. ఆ పట్టిక పోలీసుల చేతికి, కూల్చివేతకు పోకూడదన్న కట్టుబాటు. భద్రాచలం, చింతూరు, ఏటూరునాగారం ఐ.టి.డి.ఏ.లలో దానికి పేరుపెట్టి బాధ్యుడైన ఒక్కొక్క అధికారి. సహాయం తెచ్చేవారు ఎవరైనా ముందు ఆయన వద్దకు పోయి, "ఏ గూడేనికి ఏమి లేదు?" అని అడగడం. ఆయన చెప్పలేకపోతే నిలదీయడం.

మిత్రులారా, మీలో చందాలు వేసేవారు, వేయించేవారు చాలమంది ఉన్నారు. లారీ ఎక్కించే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. అడగకుండ పంపిన దుప్పటి మూడవదై గూడెంలో పడి ఉంటుంది, లేదా మన మనసుకు కప్పుకొన్నదవుతుంది. నాతో ఏకీభవించనివారు మొగమాటం లేకుండ వ్రాయండి, జవాబు చెప్పుకొంటాను. ఈసారి మాత్రం సీసపద్యం వ్రాయను.

స్వస్తి.