తమ కథ తామే రాసుకున్నవారు

హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్ల ప్రస్తావన మన సాహిత్యానికి కొత్త కాదు. భారతంలో శిఖండి ఉన్నాడు, విరాటుని కొలువులో నాట్యం నేర్పిన బృహన్నల ఉంది. ఆధునిక కథల్లో, సినిమాల్లో మాత్రం ఈ పాత్రలు ఎక్కువగా నవ్వులాటకో, జాలిపడటానికో మిగిలాయి. వారి గురించి రాసింది ఎక్కువగా ఇతరులే. హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లే కలం పట్టాక దక్షిణాది సాహిత్యంలో కొత్త అధ్యాయం మొదలైంది. అందులో ముందు చెప్పుకోవలసిన పేరు ఎ. రేవతి.

తమిళనాడులోని నామక్కల్ జిల్లా పల్లెలో రేవతి మగపిల్లవాడిగా పుట్టి, దొరైసామి అనే పేరుతో పెరిగారు. 2004లో ఆమె తోటి హిజ్రాల జీవిత కథనాలు సేకరించి తమిళంలో 'ఉణర్వుం ఉరువముం' ప్రచురించారు. తన కథ ఆ తర్వాతే చెప్పుకున్నారు. ఆ ఆత్మకథకు వి. గీత చేసిన ఇంగ్లిష్ అనువాదం 2010లో పెంగ్విన్ నుంచి ముందుగా వచ్చింది. తమిళంలో 'వెళ్ళై మొళి' ఆ మరుసటి ఏడు వెలువడింది.

ఈ ఆత్మకథ బలమంతా దాపరికం లేని వివరాల్లో ఉంది. ఊరి మారియమ్మ జాతరలో ఆ పిల్లవాడు కురత్తి (ఎరుకలసాని) వేషం కడితే అచ్చం ఆడపిల్లలా ఉన్నాడని అందరూ మెచ్చుకున్నారు. ఊరికి అది ఒక్కరోజు వేషం, ఆ పిల్లవాడికి మాత్రం అదే అసలు రూపం. అదే రూపంలో బతకాలనుకున్నప్పుడు అన్నల చేతుల్లో దెబ్బలు తప్పలేదు. ఇల్లు వదలడం, హిజ్రా గురువుకు చేలాగా (శిష్యురాలిగా) చేరడం, శస్త్రచికిత్స, పొట్టకూటికి సెక్స్‌వర్క్, పోలీసుల హింస, బెంగళూరులో 'సంగమ' అనే హక్కుల సంస్థలో ఉద్యోగం అన్నీ ఇందులో ఉన్నాయి. హిజ్రా సమాజంలోని కట్టుబాట్లనూ రేవతి దాచలేదు.

లివింగ్ స్మైల్ విద్య, లక్ష్మీనారాయణ్ త్రిపాఠి, అక్కై పద్మశాలి కూడా తమ ఆత్మకథలు వెలువరించారు. ఎవరి జెండర్‌ను వారే నిర్ణయించుకునే హక్కును సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న గుర్తించింది. నాలుగేళ్ల ముందే రేవతి పుస్తకం ఆ హక్కును ఒక జీవితంగా పాఠకుల ముందుంచింది.

రేవతి పుస్తకాన్ని పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదానికి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దక్కింది. అనువాదంతో తృప్తిపడితే చాలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ట్రాన్స్‌జెండర్లు తమ ఊళ్ల గురించి, తమ బతుకుల గురించి తమ యాసలోనే రాయాలి. ఆ రాతలకు తెలుగు సంపాదకులు, ప్రచురణకర్తలు పేజీలు కేటాయించాలి. విశ్వవిద్యాలయాలు వాటిని పాఠ్యాంశాల్లో చేర్చాలి.